కొండ పొద పిగిలి సంరక్షణ: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం పిట్ట మీద కాక బండల మీద, పొదల మీద ఖర్చయింది. అది సరైన దారేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

కొండ పొద పిగిలి, అంటే పసుపు గొంతు బుల్‌బుల్, దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇక్కడైనా ప్రతి అడవిలోనూ కనిపించదు. పెద్ద పెద్ద గుండ్లు, వాటి నడుమ ముళ్లపొదలు, బండ పగుళ్లలో వేళ్లూనిన కొండరావి లాంటి చెట్లు ఉన్న వాలులే దానికి నప్పుతాయి. మన వైపు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్, శేషాచలం కొండలు, కర్ణాటకలో నంది కొండ, తమిళనాడులో సెంజి, ఏర్కాడు ప్రాంతాలు దాని నెలవులు. ఇవి ఒకదానికొకటి ఆనుకుని లేవు. ఒక కొండ మీద పిట్టలు అంతరిస్తే పక్క కొండ నుంచి వచ్చి ఆ చోటు నింపడం తేలిక కాదు. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఇది ముప్పు ఉన్న పక్షుల వరుసలో ఉంది.

ఈసారి పక్షుల నడకలకు కొత్త సభ్యులు చాలామంది వచ్చారు. తెల్ల కనుబొమ పిగిలిని చూసి ఇదేనని పొరబడటం సహజం. రెండూ పొదల్లోనే మెలుగుతాయి, కూతలూ దగ్గరగా ఉంటాయి. కనుబొమ మీద తెల్లని చార ఉంటే అది మనం వెతుకుతున్నది కాదు. మన పిట్టకు తల ఆకుపచ్చ కలిసిన పసుపు, పొట్ట బూడిద రంగు, గొంతు నిండు పసుపు. తోక కింద మళ్లీ పసుపు, తోక చివర లేత అంచు. తల మీద నిక్కిన జుట్టు ఉండదు. పండిన కొండరావి కింద కదలకుండా కూర్చుంటే, పండు కోసం మెడ చాచినప్పుడు ఆ గొంతు ఒక్క క్షణం తళుక్కుమంటుంది. 1845లో పక్షిశాస్త్రవేత్త జెర్డన్ ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు.

రికార్డు చేసిన కూతను ఫోనులో వినిపించి పిట్టను రప్పించడం మన నడకల్లో పూర్తిగా మానేశాం. తన హద్దులోకి మరొకటి వచ్చిందనుకుని అది మేత వదిలి బయటికి వస్తుంది. ఒక ఫొటో కోసం దానికి అంత కష్టం కలిగించడం తగదు. గూడు కనిపించినా ఆ చోటు ఎవరికీ చెప్పవద్దని మరోసారి కోరుతున్నాం.

క్వారీల విషయంలోనే ఎక్కువ తిరగాల్సి వచ్చింది. గ్రానైటు కోసం గుండ్లు పగిలితే నీడ, పగుళ్లలోని తేమ, చెట్టు అన్నీ ఒకేసారి పోతాయి. మళ్లీ మొక్కలు నాటి తెచ్చుకోగలిగినవి కావు. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఐదు హెక్టార్లలోపు చిన్న గనులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని చెప్పింది. ఈ సంగతి కొండల చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి తెలియదు. అందుకే గ్రామస్థులతో కూర్చుని, అభ్యంతరం ఎలా రాయాలో, ఎవరికి ఇవ్వాలో వివరించాం. పనికిరాని రాళ్లగుట్ట అనే మాట రికార్డుల్లో ఉన్నంతకాలం ఈ పని ఆపలేం.

ఇదే కారణంతో ఈ వాలుల్లో మొక్కలు నాటుతామని ముందుకొచ్చిన దాతలకు మర్యాదగానే వద్దని చెప్పాం. కొందరు సభ్యులకు ఇది నచ్చలేదు. కానీ పొదల అడవి ఎండిపోయిన అడవి కాదు, అదే దాని పూర్తి రూపం. అక్కడ యూకలిప్టస్ తోట వేస్తే పిగిలికి మిగిలేదేమీ లేదు.

వేసవిలో ఎండుగడ్డికి నిప్పు పెట్టే అలవాటుపై పశువుల కాపరులతో మాట్లాడాం. కొత్త గడ్డి కావాలన్న వారి అవసరం నిజమైనది. కనీసం గుండ్ల మధ్య పొదలను వదిలేయమని అడిగాం, కొందరు ఒప్పుకున్నారు. బయటి దేశాల నుంచి వచ్చి పాకిపోయిన లాంటానా పొద తొలగింపు మాత్రం నెమ్మదిగా నడుస్తోంది. పిగిలి పిట్టలు దాని పండ్లు తింటాయి కాబట్టి ఒక్కసారిగా నరకకుండా, రేగు లాంటి స్థానిక పొదలు లేచిన చోటే తీస్తున్నాం.

వచ్చే ఏడాది ఒక్కో కొండ మీద ఏ చెట్టు ఏ నెలలో పండుతుందో పట్టిక తయారు చేయాలని కార్యవర్గం తీర్మానించింది. తమకు దగ్గరలోని కొండను ఏడాది పొడవునా చూడగల సభ్యులు సర్వసభ్య సమావేశంలో పేర్లు ఇవ్వండి. వేసవి నెలలకు మనుషులు ఎక్కువ కావాలి.