పీకిన లొట్టపీసు ఎక్కడ వేస్తున్నారో కూడా చూడండి

సంపాదకులకు,

మృగశిర కార్తె వచ్చిందంటే గోదావరికి అటు కాళేశ్వరంలోనైనా, ఇటు మహారాష్ట్రలోని మా సిరొంచ వైపైనా ఇంటింటా చేపల పులుసు ఉడకాల్సిందే. ఈసారి మా ఊళ్లో ఉడికినవన్నీ ఐసు పెట్టెల్లో వ్యాను దిగిన చేపలే. ఊరికి చెరువుంది, చెరువులో నీళ్లున్నాయి, వల విసిరే జాగా మాత్రం లేదు. విసిరితే చెరువును కమ్మేసిన లొట్టపీసు మొక్కల కట్టెల్లో చిక్కుకుని చిరిగి వస్తుంది.

లొట్టపీసు అంటే ఏమిటో మీ పాఠకులకు చెప్పనక్కర్లేదు. నాయకులు తిట్టుకోవడానికి కూడా ఈ మాటే వాడుతున్నారు. మా దగ్గర మరాఠీవాళ్లు దీన్ని బేషరం అంటారు, సిగ్గులేనిది అని. ఎక్కడ పారేసినా అక్కడే మొలుస్తుంది కాబట్టి నాకు ఆ పేరే సరైందనిపిస్తుంది. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు. గరాటులాంటి గులాబీ పూలు బాగున్నాయని కొందరు, పశువులు ముట్టవు కంచెకు పనికొస్తుందని కొందరు తెచ్చి నాటారు. ఆ కొందరిలో మా నాన్న కూడా ఉన్నాడు. చెరువు కింది మా చేనుకు మోపెడు కట్టెలు తెచ్చి గుచ్చాడు. గుచ్చినవి గుచ్చినట్టే చిగిర్చాయి. పైసా ఖర్చులేని కంచె అని మురిసిపోయాడు. అందుకే తప్పంతా సర్కారుదేనని రాయడానికి నాకు నోరు రాదు.

పశువులు ముట్టవన్నది కూడా సగం నిజమే. ఎండాకాలం మేత కరువై మా పక్కింటి మేక దీన్ని మరిగింది. మొదట నడక తూలింది, తర్వాత తల వణికింది, ఆఖరికి లేవలేక పడిపోయింది. ఆకులోని విషం నరాల మీద పనిచేస్తుంది. ఒకసారి అలవాటైతే మేకలు దీన్నే వెతుక్కుని మరీ తింటాయి.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కింద చెరువు బాగుచేసే పనొకటి వచ్చింది. జేసీబీ దిగి మూడు రోజుల్లో చెరువుకు గుండు గీసినట్టు చేసింది. నరికిన కట్టెనంతా కట్ట వాలు మీదికి నెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఒక కట్టె తీసి విరిచి చూశాను. లోపల బోలు. విరిచిన చోట పాలు కారి వేళ్లకు బంకగా అంటుకున్నాయి. తడి మట్టికి ఆనిన కణుపుల దగ్గర అప్పటికే తెల్లటి వేర్లు పుట్టుకొచ్చాయి. తొలకరికే ఆ ముక్కలు నీళ్లలోకి జారాయి. బోలు కట్టె కదా, తేలుకుంటూ ఇదివరకు లేని మూలలకు కూడా చేరింది. దసరా నాటికి చెరువు నిండా పూలు. బిల్లు అంతకు ముందే పాసైంది.

ఈ ఏడు గ్రామసభలో ఇంకో సలహా వచ్చింది. గడ్డి చేపను వదిలితే అదే మేసేస్తుందట. గడ్డి చేప 1959లో మన దేశానికి తెచ్చిన చైనా చేప. గడ్డి మేస్తుంది, కాదనను. కానీ ఏ గడ్డి? నీళ్లలో మునిగి ఉండే మెత్తటి నాచు మొక్కలు. పాలు కారే లొట్టపీసు కట్టెను కన్నెత్తి కూడా చూడదు. కొర్రమట్ట గుడ్లు పెట్టేది ఆ మెత్తటి మొక్కల మధ్యే. పిల్లలు ఎర్రటి గుంపుగా తిరిగినన్నాళ్లూ పెద్ద చేపలు కింద కాపలా కాస్తాయి. పరకలూ జెల్లలూ దాక్కునేదీ అక్కడే. ఉండాల్సినదాన్ని మేసి, పోవాల్సినదాన్ని వదిలేసే చేపను డబ్బు పెట్టి కొనమంటున్నారన్నమాట! మందు కొడదామన్నవాళ్లూ ఉన్నారు. మా బర్రెలు తాగేది ఆ నీళ్లే.

దారి మన మహారాష్ట్రలోనే ఉంది. భండారా, గోందియా జిల్లాల్లో గోండు రాజుల కాలం నుంచీ వస్తున్న చెరువులున్నాయి. మాజీ మాల్గుజారీ (ఒకప్పటి శిస్తు భూస్వాములవి) అన్నదాన్ని కుదించి మామా తలావ్ అంటారు, మామలెవరూ తవ్వించలేదు. అక్కడి ఢీవర్ జాలర్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, బేషరాన్ని వేళ్లతో సహా పీకి, ఆ జాగాలో నీటి మొక్కలు తెచ్చి నాటారు. కనబడకుండా పోయిన దేశవాళీ చేపలు మళ్లీ వలల్లో పడ్డాయి.

మా తాలూకా షెడ్యూల్డు ప్రాంతం. చిన్న చెరువుల నిర్వహణ పంచాయతీలదని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. ఇదే జిల్లాలో మెండా లేఖ గ్రామసభ 2009లో అడవి మీద సామూహిక హక్కు సాధించుకుంది. అందుకే అధికారులను అడుగుతున్నాను: ఈ పని యంత్రానికి కాకుండా, చెరువులో చేపలు పట్టుకునే మత్స్య సంఘానికే ఇవ్వండి. నీళ్లు వెనక్కి తగ్గి బురద మెత్తగా ఉన్నప్పుడే పీకించండి. పీకినదాన్ని కట్ట మీద వదలకుండా దూరంగా మెరక మీద కుప్పవేసి, ఎండాకాలమంతా ఎండనిచ్చి, మృగశిరకు ముందే కాల్చేయాలని పని ఒప్పందంలో రాయండి. సగం డబ్బు మరుసటి దసరాకు, చెరువును కళ్లతో చూశాకే ఇవ్వండి. 2017లో మొదలైన, చెరువుల ఒండ్రు తీసి చేలకు తోలే గాళ్‌ముక్త్ ధరణ్, గాళ్‌యుక్త్ శివార్ పథకం కింద ఒండ్రు తోలేచోట కూడా ఇదే షరతు పెట్టాలి. లేకపోతే ఒండ్రుతో పాటు ఈ ముక్కలు చేలకెక్కుతాయి.

మా చేను కంచెను మాఘంలో పీకించేశాను. నాన్న గుచ్చిన వరసలోనే వావిలి కొమ్మలు గుచ్చాను. సగం బతికాయి. మధ్యమధ్య లొట్టపీసు తొంగిచూస్తూనే ఉంది, వారానికోసారి వెళ్లి పీకుతున్నాను.

— ఒక రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా