మీ నమూనా మేక్‌ఫైల్ వల్ల అప్లికేషన్‌లో పాత ప్లగిన్లే ఉండిపోతున్నాయి

సాంకేతిక సహాయ విభాగం వారికి,

నమస్కారం. ప్లగిన్లు, అంటే అప్లికేషన్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు, తయారుచేసుకునే మీ కిట్‌ను డబ్బు చెల్లించి తీసుకున్న మ్యాక్ డెవలపర్‌ని. కిట్‌తో పాటు ఇచ్చిన నమూనా మేక్‌ఫైల్‌ను (ప్రోగ్రామును ఎలా బిల్డ్ చేయాలో, అంటే కోడ్ నుంచి ఎలా తయారుచేయాలో, మేక్ అనే సాధనానికి చెప్పే ఫైలును) అక్షరం మార్చకుండా వాడుతున్నాం. ప్లగిన్ కోడ్ మార్చి బిల్డ్ చేస్తే ప్లగిన్ కొత్తగానే తయారవుతోంది. అప్లికేషన్ లోపలి ప్లగిన్స్ ఫోల్డర్‌లో మాత్రం పాతదే ఉంటోంది. ఎక్కడా ఒక్క హెచ్చరిక కూడా కనిపించదు. సరిచేశామని మేం ప్రకటించిన లోపం కొత్త వెర్షన్‌లోనూ అలాగే మా వినియోగదారులకు చేరింది. వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది మేం.

లోపం ఎక్కడుందో వెతికి పట్టుకున్నాం. మీ ఫైలులో అప్లికేషన్ ఆధారపడేది ప్లగిన్ బండిల్ మీద. బండిల్ అంటే ఫోల్డరే. 1976లో పుట్టినప్పటి నుంచీ మేక్ చూసేది ఫైలు మారిన సమయాన్నే. బండిల్ అడుగున ఉన్న ఎగ్జిక్యూటబుల్ (నిజంగా నడిచే ప్రోగ్రాము ఫైలు) మారినంత మాత్రాన పై ఫోల్డర్ సమయం మారదు. నేరుగా ఆ ఫోల్డర్‌లోకి ఏదైనా వచ్చి చేరినా, పోయినా, పేరు మారినా తప్ప. దాంతో కాపీ చేయాల్సిన పనేమీ లేదని మేక్ తేల్చేస్తోంది. అక్కడ రాయాల్సింది బండిల్ పేరు కాదు, లోపలి ఎగ్జిక్యూటబుల్ దారి.

ఇంతకన్నా నన్ను బాధించింది కాపీ ఆదేశానికి ముందున్న హైఫన్. అది ఉంటే ఆదేశం విఫలమైనా మేక్ ఆగదు. పాత ఫైళ్లు తుడిచే చోట హైఫన్ పెడితే అర్థముంది. అప్లికేషన్‌లోకి ప్లగిన్ చేర్చే చోట ఎందుకు పెట్టారు? డిస్కు నిండి కాపీ సగంలో ఆగినా బిల్డ్ విజయవంతమైనట్టే కనిపిస్తుంది. ప్రోగ్రాము ఎవరిదో, దాన్ని ఎవరూ మార్చలేదని రుజువు చేసే డిజిటల్ సంతకం వరుస కూడా తలకిందులుగానే ఉంది: ముందు ప్లగిన్‌కు సంతకం చేసి, లోపల పెట్టి, ఆ తర్వాతే అప్లికేషన్‌కు చేయాలి. మీ నమూనాలో అప్లికేషన్‌కు సంతకమయ్యాక కాపీ జరుగుతోంది, దాంతో ఆ సంతకం చెల్లడం లేదు.

ఇవన్నీ రాసి పంపితే, "క్లీన్ చేసి మళ్లీ బిల్డ్ చేయండి" అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ప్రతిసారీ అంతా తుడిచి మొదటి నుంచి కట్టుకోవాలంటే ఇక మేక్ ఎందుకు? పైగా క్లీన్ చేసినా హైఫన్ పోదు, సంతకం వరుస మారదు.

నమూనాను సరిచేసి కొత్త కిట్ విడుదల చేయండి. దాన్ని ఇప్పటికే తమ ప్రాజెక్టుల్లోకి ఎత్తి రాసుకున్నవారందరికీ విషయం తెలియజేయండి. తమ దగ్గర పాత ప్లగిన్ ఉన్నట్టు వాళ్లకు తెలిసే మార్గం లేదు. లోపాన్ని చూపించే చిన్న ప్రాజెక్టును, మేం సవరించిన మేక్‌ఫైల్‌ను జతచేస్తున్నాను. ఈసారి జవాబు మీ కిట్ రూపొందించే ఇంజినీర్ల నుంచి రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ కిట్ వినియోగదారు