వాననీటికి లెక్క కట్టండి, ఇంటి ధరకు కాదు

సంపాదకులకు,

వాననీటి కాలువల నిర్వహణకు ఇళ్ల యజమానుల నుంచి ప్రత్యేక రుసుము వసూలు చేసే ఆలోచన ఉందని పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివాను. ఆరోజే రాద్దామనుకున్నాను గానీ, ముందు గదిలో నీళ్లు తోడుకోవడంతోనే ఆ వారం గడిచిపోయింది.

రుసుము వద్దని నేను అనడం లేదు. ఇంటి పన్నుతో పాటు డ్రైనేజీ పన్ను ఏళ్లుగా కడుతూనే ఉన్నాం కదా, అదేమైందని అడుగుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసే అద్దె విలువ పద్ధతి తీసేసి ఆస్తి మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం ధర మీద పన్ను వేస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటదని ఒక ఊరడింపు. ఏప్రిల్‌లో ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారని పెన్షన్ పడగానే పరుగెత్తేవాళ్లలో నేనూ ఒకణ్ణి. వసూళ్లలో ఉన్న ఆ చురుకుదనం జూన్‌లో కాలువ దగ్గర కనిపించదు.

మా వీధి చివర ఒక కల్యాణ మండపం ఉంది. ఆవరణంతా టైల్స్ పరిచారు, పిడికెడు మట్టి కనిపించదు. అక్కడ కురిసిన వానంతా మా గుమ్మాల్లోకే. నేను పెరట్లో ఇంకుడు గుంత తవ్వించాను, మా డాబా మీది నీళ్లు గేటు దాటవు. ఎవరు ఎంత నీరు వీధిలోకి వదులుతున్నారన్నది మాత్రం పన్ను కాగితంలో ఎక్కడా లేదు.

మా అమ్మాయి ఉండే అమెరికాలోని బెల్‌వ్యూలో ఈ రుసుముల వ్యవస్థను 1974లోనే పెట్టారు. స్థలం ఎంత, అందులో కట్టడాలూ కాంక్రీటూ ఏ మేరకు ఉన్నాయి అన్నదాన్ని బట్టి బిల్లు. నేలను నేలగా ఉంచినవారికి తక్కువ, గచ్చు చేసినవారికి ఎక్కువ. ఆ డబ్బును వాననీటి పనులకే విడిగా ఉంచుతారు. మనవాళ్లకు అందులో రుసుము అన్న మాట ఒక్కటే నచ్చినట్టుంది.

మొన్న పూడిక తీయడానికి వచ్చారు. తీసింది తీసినట్టే గట్టు మీద పోసి, ఎత్తుకెళ్లే బండి రేపు వస్తుందన్నారు. బండి కంటే ముందు వాన వచ్చింది. సగం మళ్లీ కాలువలోకే జారింది. ఇక ఇళ్ల ముందు కాలువ మీద పోసుకున్న సిమెంటు ర్యాంపుల కింద చీపురు కూడా దూరదు. వాటిని తీయించే ధైర్యం ఏ కౌన్సిలర్‌కూ లేదు, ర్యాంపులున్న ఇళ్లలోనే ఓట్లూ ఉన్నాయి మరి. మా ఇంటి ముందూ ఒకటుంది, అందరివీ పగలగొడతామంటే నేను అడ్డుపడను.

రుసుము నోటీసు తెచ్చే ఉద్యోగికి ఒక మనవి. మిగిలిన సగం పూడిక ఇంకా మా గేటు పక్కనే ఉంది, చూసి అడుగు వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు