పెర్రీని కాసేపు పక్కన పెట్టు, హెదా సంగతి విను

ఒరేయ్ సుబ్బిగా,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఈపాటికి తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, కాకపోతే రేవు భాషలో వద్దు, ఈ ఉత్తరం ఇంట్లో అందరూ చదువుతారు. ఇక్కడ అంతా కులాసా. నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, పేపరు చదువుకుంటున్నాడు. పిల్ల పదో తరగతికొచ్చింది. మన పచ్చగొడుగాయన రిటైరయ్యాడు, గొడుగు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. మిగతావి తర్వాత.

జపాన్ తలుపులు పడమటివాళ్లు ఎలా తెరిపించారో చెప్పే పుస్తకాలు కావాలన్నావు కదా. పంపుతున్నాను. కానీ ముందే చెబుతున్నా, ఇంగ్లీషు పుస్తకాలన్నీ 1853లో అమెరికా నేవీ అధికారి పెర్రీ నల్ల ఓడల దగ్గర మొదలై 1854 సంధి దగ్గర చేతులు దులిపేసుకుంటాయి. అసలు రసం ఆ తర్వాతే, హెదా అనే జపాన్ పల్లెలో ఉందిరా. వారం నుంచి ఎవరికైనా చెప్పాలని కడుపు ఉబ్బిపోతోంది. మా ఇంట్లో మొదలెట్టగానే తలా ఒక గదిలోకి పోతున్నారు. నువ్వు తాళ్ళరేవువాడివి, ఓడలు కట్టడం చూస్తూ పెరిగినవాడివి, నీకు తప్పించుకునే దారి లేదు.

పెర్రీ వచ్చిన నెలన్నరకే రష్యా నుంచి పుత్యాతిన్ అనే అడ్మిరల్ వచ్చాడు. పెర్రీలాగా ఎదో నగరం (ఇప్పటి టోక్యో) వాకిట్లోకి దూసుకుపోలేదు, జపాన్‌వాళ్ల నియమం ప్రకారం నాగసాకికే వెళ్లి ఓపిగ్గా కూర్చున్నాడు. ఆయన కార్యదర్శి గొంచరోవ్ ఆ ప్రయాణం మీద రాసిన ‘ఫ్రిగేట్ పల్లాడా’ ఈ మూటలో పైనే పెట్టాను, ముందు అదే చదువు. ఆ బద్ధకం, ఆ ఎకసెక్కెం మొత్తం నువ్వే. కానీ దురదృష్టం చూడు. 1854లో పాత ఓడ పల్లాడాని వదిలేసి పుత్యాతిన్ దియానా అనే కొత్త ఓడెక్కాడు, గొంచరోవ్ సైబీరియా మీదుగా ఇంటికి పోయాడు. రాయగలిగినవాడు దిగిపోయాక రాయదగ్గ కథ మొదలైంది! చాలా ఏళ్ల తర్వాత పాపం వాళ్లనీ వీళ్లనీ అడిగి ఒక వ్యాసం రాశాడనుకో, అది వేరు.

1854 డిసెంబర్ 22న షిమోదా అనే రేవు ఊళ్లో చర్చలు మొదలు. మర్నాడు పొద్దున్నే భూకంపం, వెనకే సునామీ. ఊళ్లో ఎనిమిది వందల పైచిలుకు ఇళ్లుంటే దాదాపు అన్నీ కొట్టుకుపోయాయి. రేవులో నీళ్లు సుడి తిరిగాయి, అరగంటలో దియానా తన లంగర్ల చుట్టూ 42 సార్లు గిరగిరా తిరిగిందట. ఒక ఫిరంగి కట్లు తెంచుకుని ఒక నావికుడి ప్రాణం తీసింది. చుక్కాని పోయింది, కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నుదూలం) ముక్క ఊడింది, అడుగు నుంచి నీళ్లు. (అదే సునామీ 12 గంటల పైచిలుకు తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో నీటిమట్టం కొలిచే యంత్రం మీద గీతలు గీసింది. బేచ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ గీతలతో పసిఫిక్ సగటు లోతు లెక్కగట్టాడు. అంత పొడుగు అల వేగం లోతును బట్టే ఉంటుంది, వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగిస్తే లోతు వచ్చేస్తుంది. లెక్కల మాస్టారు ఈ ఉదాహరణ చెప్పుంటే మనం వెనక బెంచీలో ఆ పని చేసేవాళ్లం కాదు.)

బాగుచేయడానికి చోటు కావాలి. ఇంగ్లండు, ఫ్రాన్సులతో అప్పటికే క్రిమియా యుద్ధం, వాళ్ల ఓడలు అటే తిరుగుతున్నాయి. అందుకని ఇజు ద్వీపకల్పం పడమటి ఒడ్డున హెదా అనే పల్లెని ఎంచుకున్నారు, ఇసుక దిబ్బ అడ్డంగా ఉండి లోపల ఓడ ఉన్నట్టు సముద్రంలోకి కనిపించదు. బరువు తగ్గించాలని 52 ఫిరంగులూ ముందే షిమోదాలో దించేశారు. దారిలో గాలి ఈడ్చుకెళ్లి సురుగా అఖాతం అవతలి ఒడ్డున పడేసింది. పల్లెవాళ్లే తాళ్లు పట్టి దాదాపు 500 మందిని ఒడ్డుకు లాగారు, వాళ్లకే భూకంపంలో ఇళ్లు లేకపోయినా. తర్వాత వంద దాకా చేపల పడవలు కట్టి ఓడని లాగుతుంటే, జాలర్లు ఆకాశంలో చిన్న తెల్ల మబ్బు చూసి తాళ్లు కోసేసి పరుగో పరుగు. రష్యన్లకి మతిపోయింది. కాసేపటికే పెనుగాలి, దియానా మునక. పిట్టంత మబ్బులో తుపాను చూసినవాళ్లకి కదా నేవీ పతకాలు ఇవ్వాలి.

ఇప్పుడు వస్తున్నా అసలు సంగతికి. ఓడ లేదు, ఇల్లు ఏడువేల కిలోమీటర్ల పైనే. కొత్త ఓడ కట్టుకుందామన్నారు. రష్యా నౌకాదళ పత్రికలో ‘ఓపిత్’ అనే చిన్న స్కూనర్ (తెరచాప ఓడ) నక్షా దొరికింది. దాన్ని పట్టుకుని దాదాపు 24 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, రెండు తెరచాప కొయ్యల ఓడ గీశారు. హెదాలో ఏడుగురు పెద్ద మేస్త్రీలు, వాళ్ల కింద వడ్రంగులు. ఒక్కడు కూడా జన్మలో కీల్ ఉన్న ఓడ కట్టలేదు!

వాళ్ల పద్ధతి వేరురా. పక్కటెముకలు ఉండవు. అడుగున మందమైన పలక, దానికి అంచుకి అంచు పలకలు, లోపల అడ్డదూలాలు, అంతే. రెండు పలకలు ఆనించి మధ్య సందులో రంపం ఆడిస్తారు, రెండంచులూ ఒకదానికొకటి అచ్చు సరిపోయేదాకా. తర్వాత అంచుని సుత్తితో కొట్టి కొట్టి కలపని నొక్కేస్తారు, నీళ్లలో పడగానే ఉబ్బి సందు మూసుకుంటుంది. మేకులు చదునైనవి. ఉలితో దారి ముందే తొలుస్తారు, ఆ ఉలికి పిడి దగ్గర చిన్న చెవి ఉంటుంది, కిందనుంచి దాన్ని కొడితే ఉలి వెనక్కి వస్తుంది. లేకపోతే లోపలే బిగుసుకుని కూర్చుంటుంది. ఇంత పనితనం, కానీ పెద్ద చుక్కాని తాళ్లకి వేలాడుతుంది, లోతులేని నీళ్లలో పైకెత్తుకోవచ్చని. నడిసముద్రంలో పెద్ద అల తగిలితే ముందు పోయేది అదే. ఆ తర్వాత కొయ్య నరికేసి దేవుడా అనుకోవడమే. 1832లో బయల్దేరిన ఒక సరుకు ఓడ అలాగే 14 నెలలు కొట్టుకుపోయి అమెరికా ఒడ్డు చేరింది, మిగిలింది ముగ్గురు.

(పెద్ద ఓడల నిషేధం వల్లే ఇదంతా అని సగం పుస్తకాలు రాసేస్తాయి, నమ్మకు. 1635 శాసనం 500 కోకుల (కోకు అంటే వాళ్ల బియ్యం కొలత) పైబడ్డ ఓడల మీద, కానీ 1638కే సరుకు ఓడలకి మినహాయింపు ఇచ్చారు. వెయ్యి కోకుల ఓడలు, అంటే 150 టన్నుల బియ్యం మోసేవి, ఒడ్డు వెంట తిరుగుతూనే ఉన్నాయి.)

రష్యన్ పద్ధతి నీకు తెలిసిందే: ముందు కీల్, రెండు చివరలా నిలువు దూలాలు, తర్వాత పక్కటెముకలు, ఆ తర్వాతే పలకలు. పక్కటెముకకి తిన్నని కలప పనికిరాదు, పుట్టుకతో వంపు తిరిగిన చెట్టే కావాలి. తిన్నటి దుంగని వంపుగా కోస్తే పోగు తెగి అక్కడే చీలుతుంది. సందుల్లో నార, పైన తారు. తారు జపాన్‌లో లేకపోతే పైన్ వేళ్లు చీల్చి మూసిన బట్టీలో పేర్చి తీశారు. ఇక్కడ తొందర పనికిరాదు. గాలి కొద్దిగానే పోవాలి, కలప మగ్గాలి, అప్పుడే తారు అడుగుకి కారుతుంది. గాలి ఎక్కువైతే భగ్గుమని మండి బూడిదే మిగులుతుంది.

ఇంకా తమాషా భాష. రష్యన్ అధికారి పోస్యెత్‌కి డచ్చి వచ్చు, జపాన్ దుబాసీలకీ డచ్చి వచ్చు. ఒక మేకు ఎక్కడ కొట్టాలన్నా మాట డచ్చి గుండా పోయి రావాలి! అడుగుల కొలతలన్నీ షాకులనే జపాన్ కొలతలోకి మార్చాలి. నక్షాలు గీసినవాళ్లలో మొజాయ్‌స్కీ ఉన్నాడు, తర్వాత రష్యాలో ఆవిరి విమానం కట్టినాయన. పర్యవేక్షణ చూస్తున్న జపాన్ అధికారి ఎగావా, ఫిరంగులు పోయించే కొలిమిల ఎగావా, పని సగంలో ఉండగానే జబ్బుతో పోయాడు. ఈలోగా 1855 ఫిబ్రవరి 7న రష్యాతో సంధి కూడా అయిపోయింది. ఎతొరోఫు, ఉరుప్ దీవుల మధ్య సరిహద్దు, ఇప్పటికీ నలుగుతున్న తగాదా. పుస్తకాలు దానికి యాభై పేజీలు, బట్టీకి అరపేజీ ఇస్తాయి. నాకు బట్టీయే కావాలి.

మూడు నెలల్లోపే, ఏప్రిల్ చివరి వారంలో, ఏటవాలు దూలాల మీదుగా ఓడ నీళ్లలోకి జారింది. చూడ్డానికి జనం విరగబడ్డారు. పేరు ‘హెదా’. పుత్యాతిన్ నలభై ఎనిమిది మందో ఏమో వెంటబెట్టుకుని మే మొదట్లో బయల్దేరి, ఇంగ్లీషు ఓడలకి చిక్కకుండా ఆమూర్ నది చేరుకున్నాడు. అంతకుముందే కొందరు అమెరికన్ స్కూనర్‌లో పోయారు. ఆఖర్న జర్మన్ ఓడెక్కినవాళ్లు మాత్రం ఇంగ్లీషువాళ్ల చేతిలో పడ్డారు. అనామక మేస్త్రీలు కట్టిన ఓడ తప్పించుకుంది, అసలు సిసలు జర్మన్ ఓడ దొరికిపోయింది. 1856లో ‘హెదా’ని, దియానా ఫిరంగుల్నీ జపాన్‌కే ఇచ్చేశారు.

ఈలోగా మన మేస్త్రీలు ఊరుకున్నారా? అదే నక్షాతో హెదాలోనే మరో ఆరు కట్టేశారు. వాళ్లలో ఉఎదా తొరాకిచి అని ఒకడున్నాడు చూడు, నాగసాకి నేవీ బడికి పోయాడు, 1862లో విద్యార్థులతో పాటు ఏకంగా హాలండ్ పోయి, తర్వాత యోకోసుకా ఓడల కార్ఖానాలో ‘సెయికి’ యుద్ధనౌక... మధ్యలో హకొదాతెలో షోగున్ పక్షపు నేవీ నాయకుడు ఎనొమొతోతో కలిసి ఓడిపోయిన పక్షాన నిలబడ్డాడు, అక్కడ అసలు ఏమైందంటే

ఒరేయ్, కింద మా బావ హారన్ మోగిస్తున్నాడు, మూట, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. కాకినాడలో రెండ్రోజులుంటాడు, వెళ్లి తీసుకో. గొంచరోవ్‌లో నాగసాకి భాగం ముందు చదువు, మిగతావి వరసగా అక్కర్లేదు. తొరాకిచి సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
బాచి