మా పిన్నిగారికి కృతజ్ఞతలతో

గడిచిన శుక్రవారం మధ్యాహ్నం అయనావరంలోని మా ఇంటికి పోస్టులో ఒక కవరు వచ్చింది. అమ్మ కళ్లజోడు తుడుచుకొని, ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. అమ్మకు ఇంగ్లీషు అంతగా రాదు, అయినా తమ్ముడి పేరు ఎక్కడుందో పట్టేసింది. నాన్నగారి పింఛను పత్రంలో అమ్మ తర్వాత వాడి పేరు చేరింది. ఆ కాగితాన్ని దేవుడి పటాల ముందు పెట్టి, "ముందు మీ పిన్నికి ఫోను చెయ్యి" అంది.

ఆ పిన్నిగారి గురించే ఈ నాలుగు మాటలు. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు. ఆమె మా బంధువు కాదు. అమ్మను "అక్కా" అని పిలిచారు, అలా మాకు పిన్ని అయ్యారు.

నాన్నగారు గూడూరు దగ్గరి పల్లె నుంచి మద్రాసు వచ్చి, పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో 37 ఏళ్లు పనిచేశారు. 2006లో, పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉండగా, గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని తమ్ముడు అనడం మొదలుపెట్టాడు. అది స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అని తెలియడానికే మాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ తాయెత్తులు, మొక్కులు, ఊరూరా తిరగడాలు. నాలుగు బస్సు స్టాపుల దూరంలోనే కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, 1794 నాటి చరిత్ర ఉన్న ఆసుపత్రి. కానీ అమ్మ ఆ పేరే ఎత్తనివ్వలేదు. చెన్నైలో ఉంటున్నవారికి వేరే చెప్పనక్కరలేదు, ఈ ఊళ్లో కీల్పాక్ అనే మాటనే తిట్టుగా వాడతారు.

2017లో నాన్నగారు పోయారు. తమ్ముడు మందులు కొన్నాళ్లు వేసుకునేవాడు, కొన్నాళ్లు మానేసేవాడు. 2019 దీపావళికి వేళచ్చేరి నుంచి పాపను తీసుకొని పుట్టింటికి వెళ్లాను. ఆ రోజు వాడు విసిరిన కంచం పాప పక్కనే గోడకు తగిలింది. ఆ తర్వాత మూడేళ్లు నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. అత్తవారింట్లో ఎవరైనా అడిగితే, తమ్ముడు విదేశంలో ఉన్నాడని చెప్పాను. ఆ మూడేళ్లూ ఆ అబద్ధంతోనే గడిపాను. ఇది రాయకుండా పిన్నిగారికి కృతజ్ఞతలు చెబితే సగమే చెప్పినట్టవుతుంది.

2022 ఆగస్టులో తమ్ముడు ఇంట్లోంచి వెళ్లిపోయాడు. పోలీసులకు చెప్పాం, బంధువులకు చెప్పాం. రెండో రోజు సాయంత్రం, మా వీధిలో పూలమ్మే ఆమె వెంట నూలు చీర కట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చారు. లోపలికి రాగానే అమ్మను అడిగిన మొదటి మాట, "అక్కా, ఎప్పుడు తిన్నారు?" ఆమే వంటింట్లోకి వెళ్లి, ఉన్న అన్నంలో మజ్జిగ పోసి, ఉప్పు కలిపి తెచ్చారు. అమ్మ నాలుగు ముద్దలు తిన్నాక రెండో మాట అడిగారు. "చిన్నప్పుడు బాబుకు ఎక్కడ ఉంటే సంతోషంగా ఉండేది?"

వాడు ఎక్కడికి పోయి ఉంటాడని అప్పటివరకు అందరూ అడిగారు. ఇలా అడిగినవారు లేరు. అమ్మ ఆలోచించకుండానే, "గూడూరులో, వాళ్ల నాయనమ్మ దగ్గర" అంది. పిన్నిగారు వెంటనే రైల్వే సహాయ నంబరు 139కి, ఆ తర్వాత రైల్వే రక్షణ దళం వారికి ఫోన్లు చేశారు. మర్నాడు ఉదయం గూడూరు స్టేషను ప్లాట్‌ఫారం చివర, నీళ్ల కుళాయి పక్క బెంచీ మీద వాడు కనిపించాడు. నాయనమ్మ ఇంటికి దారి మరిచిపోయాడట. అక్కడే కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లడానికి అమ్మ ఒప్పుకుంది. ఆ రోజు పిన్నిగారు మాతో పాటు ఓపీ చీటీ వరుసలో నిలబడ్డారు. అక్కడి వైద్యులు ఎంతో ఓపికగా చూశారు, వారికి నా నమస్కారాలు. కానీ మందు రాసిచ్చాక ఇంట్లో ఏం చేయాలో నేర్పింది మాత్రం పిన్నిగారే.

రెండో వారం ఒక నోటు పుస్తకం, పెన్సిలు తెచ్చుకొని మా కుటుంబం పటం గీశారు. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, పోయినవారి గుర్తు మీద అడ్డగీతలు. నాన్నగారి చదరం మీద గీత పెట్టబోతుంటే అమ్మ ఆమె చేయి పట్టుకుంది. పిన్నిగారు పెన్సిలు పక్కన పెట్టి, "బావగారి గురించి చెప్పండి" అన్నారు. పెళ్లయిన కొత్తలో మూర్ మార్కెట్‌లో ఆయన కొనిచ్చిన గాజు దీపం దగ్గర మొదలుపెట్టి అమ్మ అరగంటకు పైగా చెప్పింది. ఆయన పోయిన ఐదేళ్లలో అమ్మ ఆయన గురించి అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. చివరికి తనే, "ఇప్పుడు గీయి చెల్లీ" అంది. నాకూ తమ్ముడికీ మధ్య గీత వచ్చేసరికి పిన్నిగారు తలెత్తి నా వంక చూశారు. తెగిన గీత గీయమని నేనే చెప్పాను. ఆమె ఏమీ అనకుండా అలాగే గీశారు.

మాత్రల కోసం అమ్మ పాత పోపుల డబ్బా అడిగి తీసుకున్నారు. ఆవాలు, జీలకర్ర ఉండే ఆ ఏడు గిన్నెలు ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు రోజులకు సరిపోయాయి. మూత తీసి చూస్తే ఆ రోజు మాత్ర వేసుకున్నాడో లేదో తెలిసిపోతుంది, వాడిని నిలదీయాల్సిన పనే ఉండదు. ఆ నిలదీయడమే పిన్నిగారు మాన్పించదలచుకున్నది. ఇంట్లో కేకలు, ఎత్తిపొడుపులు ఎక్కువైతే ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో ఎప్పుడో తేలిందట. "లేవరా, ఇంకా ఎంతసేపు పడుకుంటావు" అనే మాటను అమ్మ చేత "నీళ్లు కాగాయి నాన్నా" అని మార్పించారు. పొద్దున ఈ ఒక్క మాట మార్చుకోవడానికి అమ్మకు నెల పట్టింది. అలా మార్చుకున్నాక ఆ ఇంట్లో పొద్దున్నే గొడవ జరగగా నేను చూడలేదు.

అమ్మను రాత్రుళ్లు నిద్రపోనివ్వని మాట ఒకటుండేది, "నా తర్వాత వీడి గతి ఏమిటి?" పిన్నిగారు దాన్ని ఓదార్పుతో సరిపెట్టలేదు. జబ్బు వల్ల సొంతంగా సంపాదించుకోలేని బిడ్డ ఉంటే, రైల్వే పింఛనుదారు, వారి జీవిత భాగస్వామి ఇద్దరి తర్వాత ఆ బిడ్డకు కుటుంబ పింఛను వస్తుందని, తల్లి ఉండగానే పేరు చేర్పించుకోవచ్చని ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. ఇలాంటి బిడ్డలున్న రైల్వే కుటుంబాలు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి. ముందుగా వైకల్య ధ్రువపత్రం కావాలి. ఒక కార్యాలయంలో, "కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి కదా" అన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మానసిక అనారోగ్యం కూడా ఉందని పిన్నిగారు చట్టం ప్రతి తీసి చూపించారు, గొంతు పెంచకుండా. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం, ఈ నాలుగింటినీ చూసి వైద్యులు శాతం నిర్ణయిస్తారు. కనీసం నలభై శాతం ఉండాలి. ఆ నాలుగు విషయాల్లో వాడికి రోజూ ఎదురయ్యే ఇబ్బందులను మూడు నెలల పాటు నా చేత రాయించారు. రాయాలంటే వాడి పక్కన కూర్చోవాలి కదా. వారానికి మూడు రోజులు పుట్టింటికి వెళ్లాను. అందుకే నాకు ఆ పని అప్పగించారని చాలా కాలానికి గానీ నాకు తట్టలేదు.

ఆమె జీవితం గురించి నాకు తెలిసింది కొంచెమే, అదీ అమ్మ అడిగి అడిగి రాబట్టింది. "మా అమ్మ చదువు దుర్గాబాయమ్మ పెట్టిన భిక్ష" అంటారు పిన్నిగారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో చదువుకొని, ఆ తల్లి బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్ష గట్టెక్కారట. కూతురిని సంఘ సేవకురాలు మేరీ క్లబ్‌వాలా జాదవ్ 1952లో ప్రారంభించిన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో 1974లో చేర్పించారు. పిన్నిగారు 35 ఏళ్లు ఆసుపత్రి ఉద్యోగం చేసి, 2011లో విరమించారు. మర్నాటి నుంచి అదే పని, జీతం లేకుండా. 2015 డిసెంబరు వరదల్లో, మందు ఆగితే ప్రమాదమైన వారి జాబితా చేత్తో రాసుకొని, మోకాలి లోతు నీళ్లలో సైదాపేట ఇళ్లకు మాత్రలు చేర్చారని పూలమ్మే ఆమె చెప్పింది. పిన్నిగారిని అడిగితే, "అందరూ ఏదో ఒకటి చేశారమ్మా ఆ వారం" అన్నారు. ఈ ఏడాది ఆమెకు 72 నిండాయి. ఇప్పటికీ బస్సులోనే తిరుగుతారు.

పూలమ్మే అక్కకు, గూడూరు స్టేషనులో వాడికి ఇడ్లీ పెట్టించి మేము వచ్చేదాకా పక్కనే కూర్చున్న ఆ కానిస్టేబులుకు, దరఖాస్తులో లోటును తిప్పి పంపకుండా ఫోను చేసి చెప్పిన పింఛను విభాగం ఉద్యోగికి కూడా ధన్యవాదాలు. మా అత్తగారికి నిజం చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. సంక్రాంతికి తమ్ముడికి కొత్త చొక్కా పంపారు.

వాడు ఇప్పుడు రోజుకు మూడు గంటలు ఒక పుస్తకాల బైండింగ్ షాపులో పనిచేస్తున్నాడు. వాడికి వినిపించే గొంతులు పూర్తిగా పోలేదు. పోతాయని పిన్నిగారు ఎప్పుడూ చెప్పలేదు కూడా.

పిన్నిగారూ, మీరు ఇది చదువుతారని తెలుసు. చీర తెస్తే తీసుకోలేదు, పండ్లు తెస్తే వాడి చేతిలోనే పెట్టి వెళ్లారు. మా అమ్మకు రాత్రి నిద్ర ఇచ్చారు. నాకు నా తమ్ముడిని ఇచ్చారు. మీ పాదాలకు నమస్కారం.

శుక్రవారం ఫోను చేసి కాగితం వచ్చిందని చెబితే, "చాలా సంతోషం" అని, ఆ వెంటనే ఒక పని చెప్పారు. వ్యాసర్‌పాడిలో ఒక తల్లి ఉందట, కొడుకుని కీల్పాక్‌కు తీసుకెళ్లడానికి భయపడుతోందట. మంగళవారం పొద్దున అమ్మ ఆమెకు తోడుగా వెళ్తోంది. ఆమెకు ఇవ్వడానికి నిన్ననే ఒక కొత్త పోపుల డబ్బా కొని, కడిగి, ఎండలో ఆరబెట్టింది.