నీలం చొక్కా పెద్దాయనకి

నిన్న సాయంత్రం ట్రాక్ మీద 100 మీటర్లు ఆగకుండా నడిచాను. నడకే, పరుగు కాదు. ఒకప్పుడు 400 మీటర్లు నిమిషంలోపే పరిగెత్తినదాన్ని, ఈ వందకి మూడు నిమిషాలు దాటింది. తొడ మండిపోతోంది, నిద్ర రావడం లేదు. తెల్లారితే సిగ్గేసి రాయను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

అమ్మా, నాన్నా, అన్నయ్యా... మీకు థాంక్స్ చెబితే తిడతారు. వదిలేస్తున్నా.

మోకాలి పైన నొప్పి మొదలైతే కండరం పట్టేసిందనుకుని మూడు నెలలు ఐస్ పెట్టుకుంటూనే ప్రాక్టీస్ చేశాను. రాత్రుళ్ళు నొప్పికి మెలకువ వచ్చేదాకా అనుమానమే రాలేదు. ఆస్టియోసార్కోమా అన్నారు. ఎముక క్యాన్సర్. ఎదిగే వయసులోనే ఎక్కువట, అదీ మోకాలి దగ్గరేనట. 10 వారాలు కీమో, ఆపరేషన్, మళ్ళీ కీమో. కాలు మోకాలి పైదాకా తీసేశారు.

అప్పుడు అందరూ నాకు టెర్రీ ఫాక్స్ కథే పంపారు. ఆయనదీ ఇదే జబ్బు. 1980లో కృత్రిమ కాలితో కెనడాలో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. మహానుభావుడు. నాకేమో మంచం దిగి బాత్రూమ్‌కి వెళ్ళాలంటేనే గుండె దడ. పడిపోతానని. ఎవరికీ చెప్పలేదు. అథ్లెట్‌ని కదా!

కాళ్ళు అమర్చే సెంటర్లో మా వరసలోనే కూర్చున్నారు ఆ నీలం చొక్కా పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. నేను చంకకర్రలతో సగం లేచి మళ్ళీ కూలబడటం చూసినట్టున్నారు. "పడతానని భయమా తల్లీ?" అన్నారు. లేదన్నాను. ఆయన ఇంకేం అనలేదు. ప్యాంటు మడిచి, తన కాలు ఊడదీసి బెంచీ కింద పెట్టి, నా కర్రలు తీసుకుని, గోడవార పరిచిన వ్యాయామం చాప మీదికి వెళ్ళి పడ్డారు. కావాలనే. కర్రలు పక్కకి విసిరేసి, మోచేతులు కాస్త వంచి అరచేతుల మీద దిగి, భుజం మీదికి దొర్లారు. మిగిలిన తొడని నేలకి తగలనివ్వలేదు. లేచి మళ్ళీ పడ్డారు. నాలుగుసార్లు, ఆ వయసులో! జనమంతా చూస్తున్నా పట్టించుకోలేదు. "ఇప్పుడు నువ్వు" అన్నారు.

పడ్డాను. పడి, అలాగే చాప మీద బోర్లా ఉండి ఏడ్చాను. ఆపరేషన్ రోజు కూడా అంత ఏడవలేదు. ఆయన ఓదార్చలేదు. "మోచెయ్యి బిగబట్టావు, ఇంకోసారి" అన్నారు.

వెళ్తూ సంచిలోంచి రెండు ఉన్ని సాక్సులు తీసిచ్చారు. తొడ సన్నబడేకొద్దీ సాకెట్, అంటే కృత్రిమ కాలిలో తొడ దూర్చే గిన్నె, వదులవుతుంది, తొడకి ఒకదాని మీద ఒకటి తొడుక్కో అని. నిన్న ఆ రెండూ వేసుకునే నడిచాను.

అసలు సాక్సులతో నెట్టుకురావాల్సిన ఖర్మ ఏంటి? మొదటి ఏడాదిలో తొడ సన్నబడుతుందనీ, సాకెట్ మార్చాల్సి వస్తుందనీ అందరికీ తెలుసు. ఆఫీసు కాగితాల్లో మాత్రం ఒక కాలికి ఇన్నేళ్ళని గడువు. కొత్త సాకెట్ కోసం పెట్టిన దరఖాస్తు రెండుసార్లు వెనక్కొచ్చింది. రెండోసారి, కాలు లేదని కొత్త సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఈలోపు మొలిచిందనుకున్నారేమో! పరిగెత్తే బ్లేడ్ గురించి, అంటే పరుగు కోసం పెట్టుకునే వంపు తిరిగిన కృత్రిమ కాలు గురించి అడిగితే అది వైద్యం కిందికి రాదు, ఆటసామాను అన్నారు. పారాలింపిక్స్‌లో నాలాంటివాళ్ళ టీ63 తరగతికి 400 లేదు, 100 ఉంది. అందుకే నిన్న వంద. ఇవన్నీ ఆ కౌంటర్లో ఎవరికి చెప్తాం?

పెద్దాయనా, మీ పేరు కూడా అడగలేదు. ఎవరి ద్వారానైనా ఇది మీకు చేరితే, మోచెయ్యి ఇప్పుడు బిగబట్టడం లేదండి.

అయ్యో, ప్లేట్‌లెట్లు ఇచ్చినవాళ్ళు! మీ ముఖాలు కూడా నాకు తెలీదు. థాంక్స్. లేని పాదం మంటపెడుతుంటే కాళ్ళ మధ్య అద్దం పెట్టి, ఉన్న పాదం కదిపించిన ఫిజియో అక్కకీ. సిస్ప్లాటిన్ అనే కీమో మందు నా చెవులకి సన్నని శబ్దాలు దూరం చేసింది, విజిల్ సరిగ్గా వినపడదు. అది తెలిసి నిన్న అవతలి చివర తువ్వాలు ఊపుతూ నిలబడ్డ కోచ్ సార్‌కీ.

ఇంకా ఎవరినో మర్చిపోయాను. గుర్తొస్తే కలుపుతాను.

కలిపాను: వాంతులైన ప్రతి రాత్రీ లైటు వెయ్యకుండా దుప్పటి మార్చిన ఆయమ్మకి.