పక్షవాతం: ఏ ఆసుపత్రికి వెళ్లాలో బోర్డు పెట్టండి

సంపాదకుడు గారికి,

నేను కోనసీమకు చెందిన ఎంబీబీఎస్ చివరి ఏడాది విద్యార్థినిని. ఈ మధ్య నాలుగు వారాలు న్యూరాలజీ వార్డులో ఉన్నాను. మోకాలి మీద సుత్తితో తట్టి చూడడం నేర్చుకుందామని వెళ్లాను. తీరా పక్షవాతం రోగి రాగానే మా ప్రొఫెసర్ గారు వేసే మొదటి ప్రశ్నకు సుత్తితో పనే లేదు: "ఆఖరుసారి బాగా ఉన్నది ఎన్నింటికి?"

మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా ఆ వేళ నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ముందుగా సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. నిద్ర లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లెక్క పడుకున్నప్పటి నుంచే.

ఒక లంక ఊరి నుంచి కొబ్బరి దింపు పనిచేసే ఆయనను తీసుకొచ్చారు. పెన్ను చూపించి ఇదేమిటని అడిగితే "కత్తి" అన్నారు. తప్పని ఆయనకే తెలిసి ఎడమ చేత్తో నుదురు కొట్టుకున్నారు. ఎప్పటి నుంచి ఇలా ఉందంటే కొడుకులు తలొక మాట చెప్పారు. భార్య మాత్రం, "పొద్దున ఏడింటికి కరెంటు పోతే ఫ్యూజు వేసింది ఆయనే, డాక్టరుగారూ" అంది. ఆ నెలలో నేను విన్న వాటిలో అంత పనికొచ్చే మాట మరొకటి లేదు. కానీ అప్పటికి మధ్యాహ్నం రెండయింది. ఊళ్లో సెలైన్ ఎక్కించారు, బీపీ తగ్గాలని మాత్ర మింగించారు, పడవ కోసం ఆగారు. మొదట వెళ్లిన ఆసుపత్రిలో స్కాన్ లేదు. పావురం రక్తం పూయలేదు, అదొక్కటే నయం. కొందరు అదీ అయ్యాకే వస్తారు.

వాళ్లను తప్పుపట్టలేను. రాత్రీ పగలూ సీటీ స్కాన్ ఎక్కడ తీస్తారో, ఆ ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుందో చెప్పే బోర్డు మా వైపు నేనెక్కడా చూడలేదు. జిల్లా వైద్యాధికారులు ఆ జాబితాను ప్రతి పీహెచ్‌సీలో, రేవులో, బస్టాండులో పెట్టించాలి. 108 సిబ్బంది బయలుదేరేటప్పుడే ఆసుపత్రికి ఫోను చేసే ఏర్పాటు ఉండాలి. మనవాళ్లు ముందు వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికే కాబట్టి ఆయనను తిట్టి లాభం లేదు, నేర్పాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నోట్లో ఏమీ పోయకుండా, వేళ ఒక చీటీ మీద రాసి వెంటనే పంపమనాలి.

ఇంటికి వెళ్లే రోజుకు ఆయన "పెన్ను" అనగలిగారు. కుడి చెయ్యి ఇంకా లేవలేదు. చెట్టెక్కే మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

— ఒక వైద్య విద్యార్థిని, కోనసీమ